ప్లే గుండుసూది

మా ఆయన్ని అందరూ మైకు అంటారు. బస్టాండులో అనౌన్సరు ఉద్యోగం మరి. "దయచేసి గమనించండి" అని ఆయన గొంతు వినిపిస్తే చాలు, టీ తాగేవాళ్ళు గ్లాసులు కింద పెట్టేవాళ్ళు, పోట్లాడుకుంటున్న మొగుడూ పెళ్ళాలు నోళ్ళు మూసుకునేవాళ్ళు, ఏడుస్తున్న పిల్లలు కూడా ఏడుపాపి పైకి చూసేవాళ్ళు. అంత గొప్ప గొంతు. ఇంట్లో మాత్రం దానికి అంత మర్యాద దక్కలేదు. ఇంట్లో నేనున్నాను కదా.

నేను దర్జీని. ఇంటి ముందుగదే నా కొట్టు. పొద్దస్తమానం పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని పనిచేస్తాను. నోట్లో సూదులున్నా నా మాటలు ఆగవు, ఆ మాటలు సూదులకంటే గుచ్చుకుంటాయని మా ఆయన ఫిర్యాదు. అందుకని పెళ్ళైన కొత్తలోనే నాకు గుండుసూది అని పేరు పెట్టేశారు. లోపలిగదిలోంచి "గుండు" అని మామూలుగా మొదలుపెట్టి, "సూదీ" అని సాగదీసేవారు. నేను ఇక్కణ్ణించి "ఆఁ, వస్తున్నా" అనేదాన్ని. వెళ్ళేదాన్ని కాదనుకోండి. కాసేపాగి మళ్ళీ పిలిచేవారు. మళ్ళీ "ఆఁ, వస్తున్నా". ఇద్దరిలో ఎవరికి ముందు విసుగొస్తే వాళ్ళు లేచేవాళ్ళు. మా సంసారమంతా అలాగే గడిచింది. పరాయివాళ్ళ ముందు మాత్రం నేను "మా ఆవిడ"ని. ఆ ముద్దుపేరు పొరపాటున కూడా గడప దాటనిచ్చేవారు కాదు.

అలాంటి గొంతు ఒకసారి బొంగురుపోయి, ఇంక బాగుపడలేదు. డాక్టరు లోపలికి గొట్టం పెట్టి చూసి, స్వరపేటిక తీసేయాలన్నాడు.

"తీసేస్తే మాట్లాడేదెలా?" అన్నాను.

"మనిషి దక్కుతాడమ్మా" అన్నాడు.

ఇంక డాక్టర్నేం అడుగుతాను! మనిషి దక్కితే చాలు, ఇద్దరి మాటలూ నేనే మాట్లాడతానులే అని అక్కడ నవ్వేసి వచ్చాను. ఇంటికొచ్చి, స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుట్లో ఏడ్చాను.

ఆపరేషన్‌కి కొంత వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో మా ఆయన బస్టాండు అనౌన్సుమెంటు గదిలో కూర్చుని, తన గొంతును తానే రికార్డు చేసి దాచుకున్నారు. ఈ విద్య ఆయనకు కొత్తది కాదు. బస్టాండులో ప్రతి బస్సుకీ మనిషి కూర్చుని అరవడు. ఊళ్ళ పేర్లు విడిగా, అంకెలు విడిగా, "మరికొద్ది సేపట్లో బయలుదేరును" అన్నది విడిగా ఎప్పుడో చెప్పించి పెట్టుకుంటారు. మిషను ఆ ముక్కల్ని అతికించుకుని పలుకుతుంది. అందుకని ప్రతి ముక్కనీ ఎగుడుదిగుడు లేకుండా ఒకే ధాటిలో చెప్పాలట. ఏ ముక్క పక్కన ఏది పెట్టినా అతుకు తెలియకూడదట. ఆ పద్ధతి ప్రకారమే, ఇంక మిగిలిన జీవితంలో ఎవరితో ఏం మాట్లాడాల్సి వస్తుందో ఆలోచించుకుని, ముక్కలు ముక్కలుగా చెప్పి పెట్టుకున్నారు మహానుభావుడు.

వాటిలోని బొంగురుని కంప్యూటర్లో తీసేసి వినిపించే ఏర్పాటు మా తమ్ముడిది. వాడు కంప్యూటర్లు బాగుచేస్తాడు. మొదట ఫోనులో బొమ్మల యాప్ ఏదో తెచ్చి చూపించాడు. కప్పు బొమ్మ నొక్కితే కాఫీ అంటుంది, మంచం బొమ్మ నొక్కితే నిద్ర అంటుంది. మా ఆయన దాన్ని ఒకసారి చూసి, వాణ్ణి ఒకసారి చూశారు.

"బావమరిదీ, పోయేది నా గొంతు, నా బుర్ర కాదు" అన్నారు, ఉన్న ఆ కాస్త గొంతుతోనే.

అప్పుడు వాడు లాప్‌టాప్‌లో నల్లతెర ఒకటి తెరిచాడు. బొమ్మల్లేవు, బొత్తాల్లేవు. ప్లే అని టైపు చేసి, పక్కన ఫైలు పేరు కొట్టి, ఎంటర్ నొక్కాలి. ఆ ముక్క పలుకుతుంది. పక్కపక్కన నాలుగు పేర్లు కొడితే నాలుగూ వరుసగా పలుకుతుంది. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిపొట్టిగా మా ఆయన పెట్టుకున్నవే. చెప్పిందే మళ్ళీ చెప్పాలంటే ఇంకా సులువు. పై బాణం మీట నొక్కితే ముందు కొట్టిన వాక్యం తెరమీదికి తిరిగొస్తుంది. చెప్పిందే చెప్పే మొగుళ్ళ కోసమే ఎవరో పుణ్యాత్ముడు కనిపెట్టి ఉంటాడు ఆ మీటని.

"బస్టాండు పాత మిషను కూడా అచ్చం ఇంతే" అని మా ఆయన తెగ మురిసిపోయారు. నాకైతే ఆ నల్లతెర బావిలోకి తొంగిచూసినట్టుండేది.

ఆపరేషన్ అయింది. మెడ దగ్గర చిన్న రంధ్రం, దాని మీద నేను కుట్టిన మెత్తటి గుడ్డ. ఇంటికొచ్చిన రోజున ఆయన లోపలిగదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. నేను కొట్లో మిషను ముందు కూర్చున్నాను, కానీ కుట్టడంలేదు. చెవులు రెండూ లోపలే ఉన్నాయి. టకటకమని మీటలు కొట్టిన చప్పుడైంది.

"దయచేసి గమనించండి. కాఫీ. కావలెను."

అచ్చం ఆయన గొంతే. జబ్బుకు ముందున్న గొంతు, గంటలా మోగే గొంతు. ఐనా లేవలేదు. నా పేరు రాలేదు కదా, పిలుస్తారు, పిలిచాక "ఆఁ, వస్తున్నా" అందామని కాచుకుని ఉన్నాను. లోపల మళ్ళీ ఒక్క మీట నొక్కిన చప్పుడు.

"దయచేసి గమనించండి. కాఫీ. కావలెను."

లేచి లోపలికెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. "ఎవరికండీ ఈ ప్రకటన? ఇక్కడ ప్రయాణికులెవరూ లేరే!"

ఆయన నవ్వారు. చప్పుడు లేని నవ్వు. ఇంకేదో అంటారేమో అని ఆయన వేళ్ళవంకే చూశాను. అవి కదల్లేదు.

తరువాత చాటుగా తమ్ముణ్ణి పట్టుకుని, గుండుసూది అన్న పిలుపు ఏదిరా అని అడిగాను. వాడు తల గోక్కున్నాడు. "ఆ ముక్కలన్నీ నేనే ఎక్కించాను అక్కా. ఆ పేరు లేదందులో."

"డాక్టరుకి ఉంది, పాలవాడికి ఉంది, ఇంటి ఓనరుకి ఉంది. కట్టుకున్నదాన్ని, నాకు లేదా?"

"రోజూ పీల్చే గాలిని ఎవరైనా సంచీలో సర్దుకుంటారా? గుర్తొచ్చి ఉండదు" అన్నాడు బావని వెనకేసుకొస్తూ.

నిజమే కావచ్చు. కాకపోనూ వచ్చు. ఆయన్ని అడగలేను. అడిగి పిలిపించుకుంటే అది పిలుపెలా అవుతుంది? అసలు పిలిపించుకోవడానికి మాత్రం ఏముంది, ఆ గొంతే లేనప్పుడు. ఇంత ముఖ్యమైంది మర్చిపోయానని తెలిస్తే ఆయన లోలోపల కుమిలిపోతారు, ఆ సంగతి నాకు తెలుసు. ఊరుకున్నాను. నేను ఊరుకున్నానంటే మా తమ్ముడు ఇప్పటికీ నమ్మడు.

ఊరుకున్నది ఆ ఒక్క విషయంలోనే సుమా. మిగతా వాటిల్లో ఆయన్ని వేపుకుతిన్నాను. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ "దయచేసి" అన్న ముక్క ఎరగని మనిషి, ఇప్పుడు ప్రతిదానికీ దయచేసే! చప్పట్లు కొట్టి పిలవబోతే, "చప్పట్లకి పావురాలు ఎగురుతాయి, నేను రాను" అనేదాన్ని. ఆయన దగ్గర "ఉప్పు ఎక్కువైంది" ఉంది, "ఉప్పు తక్కువైంది" ఉంది, "బాగుంది" మాత్రం లేదు. అవసరం పడుతుందనుకోలేదేమో!

కోటు కుట్టించుకోవడానికి బ్యాంకు మేడం వచ్చినప్పుడైతే మరీ విచిత్రం. నేను టేపు పట్టుకుని ఆవిడ భుజాల కొలత తీస్తుంటే లోపల్నుంచి "దయచేసి గమనించండి" వినపడింది. ఆవిడ గబుక్కున సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళిపోయింది. వెళ్ళి, అక్కడ వీధి చూసి, తను ఎక్కడుందో గుర్తొచ్చి నిలబడిపోయింది. "ఏం చెయ్యనండీ, రోజూ బస్సుకే వెళ్తాను, ఆ మాట వింటే కాళ్ళు వాటంతటవే నడుస్తాయి" అని నవ్వుతూ వెనక్కొచ్చింది.

సెలూన్‌కి వెళ్తే లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్ళేవారు. దాన్ని అద్దం ముందు దువ్వెనల పక్కన తెరిచిపెట్టి, టకటకా కొట్టి ఎంటర్ నొక్కేవారు. "గుండు చెయ్యొద్దు. పైపైన కత్తిరిస్తే చాలు." అది రైలొచ్చినంత దర్జాగా పలికేది. క్షవరం చేసే అతను ముచ్చటపడి, "ఇంకోసారి అనిపించండి సార్" అని ప్రతిసారీ అడిగేవాడట. ఇంటికొచ్చి ఆ సంగతి అభినయం చేసి చూపించారు. నేను పగలబడి నవ్వాను. నవ్వుతూనే, సెలూన్‌కి ఒక వాక్యం ఉంది చూశావా అని లోపల ఒక ముల్లు గుచ్చుకుంది.

ఆసుపత్రికని దాచుకున్నది ఇంకా తమాషా. "సూదీ... వద్దండీ." ఎంత ధాటిగా చెబుదామనుకున్నా, సూది పేరెత్తితే మా ఆయనకు గొంతు వణుకుతుంది. ఉన్న ముక్కలన్నిట్లోకీ అదొక్కటే అనౌన్సరు చెప్పినట్టుండదు, మా ఆయన చెప్పినట్టుంటుంది. నర్సు దాన్ని విని పకపకా నవ్వుతూనే సూది పొడిచేది.

పాత వీడియోల్లో ఎక్కడైనా నా పిలుపు దొరుకుతుందేమోనని తమ్ముడి చేత వెతికించాను. పెళ్ళిళ్ళవీ, ప్రయాణాలవీ చాలానే ఉన్నాయి. ఎవరి చేతిలో ఫోను ఉన్నా దాని ముందు మా ఆయన నిలబడ్డారంటే అనౌన్సరైపోతారు. నలుగురిలో ఆ పేరెత్తే మనిషా ఆయన! ఒక్కదాంట్లో మాత్రం, ఇంట్లో మా తమ్ముడు కొత్త ఫోను పరీక్షిస్తూ తీసినదాంట్లో, వెనక గుమ్మంలోంచి ఆయన తొంగిచూసి పెదాలు కదిపారు. గుండుసూదీ అనే. పెదాలు చూస్తే తెలిసిపోతోంది. వినపడేది మాత్రం గరగరమని నా కుట్టుమిషను. ఆ రోజంతా నా మిషను మీద నాకే ఒళ్ళు మండిపోయింది, దానికి నూనె కూడా వెయ్యలేదు.

ఇలా ఉండగా ఒకరోజు మా ఇద్దరికీ పెద్ద పోట్లాటైంది. ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించిన బ్యాంకు మేడం కోటు మీద ఆయన తడి తువ్వాలు పడేశారు. ఊరుకుంటానా? అందుకున్నాను. ఆయన ఒకటి టైపు చేసేలోపు నేను పది అనేస్తున్నాను. అన్యాయమే. ఐనా పోట్లాటలో న్యాయాన్యాయాలు చూసుకుంటూ కూర్చుంటే ఎలా? ఆయనకు ఉక్రోషం వచ్చింది. ప్లే అని కొట్టి, పక్కన నక్షత్రం గుర్తు ఒకటి పెట్టి, ఎంటర్ నొక్కి, చేతులు కట్టుకుని కూర్చున్నారు. నక్షత్రమంటే ఉన్నవన్నీ అని అర్థమట. పేర్ల వరుసలో మొదలైపోయింది ఊరేగింపు.

"అడ్డం తప్పుకోండి."

"ఎవరు తప్పుకోవాలి? తడి తువ్వాలు పడేసింది ఎవరు?"

"అన్నం చాలు."

"పెట్టనే లేదు!"

"బిల్లు ఎంతైంది?"

"ఆ కోటు మళ్ళీ ఇస్త్రీ చేస్తే తెలుస్తుంది ఎంతైందో!"

"దయచేసి గమనించండి. ఫ్యాను తగ్గించండి. గుండు"

నా చేతిలో తువ్వాలు అలాగే ఆగిపోయింది. "ఆఁ" అని సగం నోట్లోంచి వచ్చేసింది కూడా. ఆయనవైపు తిరిగాను.

"చెయ్యొద్దు. పైపైన కత్తిరిస్తే చాలు."

ఎంత సిగ్గేసిందో, ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను. తువ్వాలు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను. తీగ మీద ఆరేశాను. ఆరేసినదాన్ని తీసి మళ్ళీ పిండి మళ్ళీ ఆరేశాను. లోపల కాఫీలూ, మందులూ, సూదులూ, ఉప్పులూ అన్నీ అయిపోయి, చివరికి "దయచేసి వేచి ఉండండి" అని ఆగేదాకా అక్కడే నిలబడి విన్నాను. మొత్తానికి నా నోరు మూయించానని మా ఆయన మీసం దువ్వుకున్నారు. దువ్వుకోనిచ్చాను.

కానీ ఆ "గుండు" నా చెవిలోంచి పోలేదు. అన్నీ వినిపించిందంటే నిజంగా అన్నీయేనా? ఎక్కడో ఒక మూల వేరే పేరుతో దాచి మర్చిపోయారేమో! మనిషన్నాక ఆశ చావదు. మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళగానే చప్పుడు కాకుండా వెళ్ళి ఆ నల్లతెర ముందు కూర్చున్నాను. ఒంటి వేలితో ప్లే అని కొట్టాను. పక్కన గుండుసూది అని కొట్టాను. అలాంటి ఫైలు లేదని ఇంగ్లీషులో మొహం మీదే చెప్పేసింది. అక్షరాలు మార్చి కొట్టాను. లేదంది. ప్లే పిలుపు అని కొట్టాను. లేదంది. ప్లే మా ఆవిడ అని కొట్టాను, ప్లే ఏమేవ్ అని కొట్టాను, లేదంటే లేదంది. ఆఖరికి నాకు ఉక్రోషం వచ్చి, ప్లే నన్ను ఒక్కసారి పిలవండి అని కొట్టాను. ఒక్కొక్క మాటకీ విడివిడిగా, ఇదీ లేదు, అదీ లేదు అని లెక్కపెట్టినట్టు చెప్పింది దరిద్రపుది. స్నానాలగదిలో చెంబు చప్పుడు ఆగింది. తెరంతా నా రాతలే. ఆ రాతలు చెరిపే మీట మాత్రం మా తమ్ముడు నేర్పాడు, అది నొక్కేసరికి తెర శుభ్రంగా నల్లబడింది. హమ్మయ్య అనుకుని కొట్లోకి వచ్చి పడ్డాను.

పై బాణం మీట సంగతి నాకు తెలియక కాదు. అది ఆయన మాటల్ని గుర్తుపెట్టుకుంటుందని తెలుసు. కానీ ఆ మీట ఆయనదనీ, ఆయన మాటలే దాస్తుందనీ అనుకున్నాను. నా మాటలు కూడా దాస్తుందని నాకెలా తెలుస్తుంది? ఈ ఇంట్లో నా మాటలు గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఎవరున్నారు గనక!

మా ఆయన స్నానం చేసి వచ్చి కూర్చున్నారు. రోజూ ఆ సమయానికి అయ్యేది ఒకటే, బాణం నొక్కుతారు, "కాఫీ కావలెను" అంటుంది. ఆ రోజు మీట చప్పుడైంది. కాఫీ అడగలేదు. మళ్ళీ మీట. మళ్ళీ మీట. ఎంతకీ పలుకు లేదు. గుమ్మంలోంచి తొంగిచూశాను. ఆయన తెరవంకే చూస్తూ తల దించుకుని కూర్చున్నారు. నేనేం పాడుచేశానో ఏమో!

"ఏమైందండీ? చెడిపోయిందా?"

ఆయన నావైపు చూశారు. చాలాసేపు చూశారు. తల అడ్డంగా ఊపి, మళ్ళీ తెరవైపు తిరిగారు.

అప్పట్నుంచి మొదలైంది కొత్త వరస. పొద్దున లేస్తే చెవులకు ఇయర్‌ఫోన్లు, ఎదురుగా నల్లతెర. టకటకా కొట్టడం, వినడం, మొహం చిట్లించడం, మళ్ళీ కొట్టడం. "ఏం చేస్తున్నారండీ?" అంటే "దయచేసి వేచి ఉండండి." భోజనానికి రమ్మంటే "దయచేసి వేచి ఉండండి." కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయినా ఒక్క మాట అనలేదు. అదీ అసలు నాకు భయం వేసిన సంగతి. ఉప్పు గురించి మాట్లాడని మా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

తమ్ముడు కూడా వచ్చి పోతున్నాడు. ఇద్దరూ చెరొక ఇయర్‌ఫోను పెట్టుకుని తలలు దగ్గరపెట్టుకునేవాళ్ళు. నేను వెళ్తే మాటలాగిపోయేవి. మాట్లాడేది వాడొక్కడే అనుకోండి.

"బావకి ఏమైందిరా?"

"ఏం కాలేదక్కా. కత్తిరింపు పని" అని నవ్వు ఆపుకున్నాడు.

"కత్తిరింపు పని నాకు రాదా? నాకు చెప్పొచ్చుగా!"

"నీకు మాత్రం చెప్పకూడదట" అన్నాడు. బావా బావమరిదీ ఏకమైతే ఇంటి ఆడదాని గతి ఇంతేనని తిట్టుకుంటూ వచ్చి మిషను ముందు కూర్చున్నాను.

బ్యాంకు మేడం కోటు సరిచూసుకోవడానికి వచ్చింది. చేతుల పొడవు కాస్త ఎక్కువైంది. నేను పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి మణికట్టు దగ్గర గుచ్చుతున్నాను. ఆవిడ ఏదో బ్యాంకు సంగతి చెబుతోంది, నేను ఊఁ కొడుతున్నాను. అప్పుడు వినపడింది.

"గుండుసూదీ!"

"ఆఁ, వస్తున్నా!" అన్నాను.

నోట్లో సూదులన్నీ జలజలా నేల మీద రాలాయి. ఆ చప్పుడు విన్నాక గానీ నేనేమన్నానో, దేనికన్నానో నాకే తెలియలేదు. బ్యాంకు మేడం ఒక చెయ్యి చాపి అలాగే నిలబడింది. "ఏమండీ, ఏమైందండీ?" అంటోంది. నేల మీద సూదులున్నాయన్న ధ్యాస కూడా లేకుండా లోపలికి పరుగెత్తాను.

మా ఆయన లాప్‌టాప్ మీద చేతులు పెట్టుకుని, పరీక్షాఫలితం కోసం నిలబడిన పిల్లాడిలా నన్నే చూస్తున్నారు.

"మళ్ళీ" అన్నాను.

పై బాణం. ఎంటర్.

"గుండుసూదీ!"

ఈసారి సరిగ్గా విన్నాను. గుండు ఎక్కడిదో తెలిసిపోయింది, సెలూన్లో అద్దం ముందు మోగేదే. సూదీ ఎక్కడిదో కూడా తెలిసిపోయింది, నర్సు ముందు వణికేదే. పక్కన "చెయ్యొద్దు"నీ, "వద్దండీ"నీ కత్తిరించి పారేసి, ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి కుట్టారు నా మొగుడు. ఇలా అతికించినవాడికి అనౌన్సరు ఉద్యోగం ఇవ్వరు, అంత ఎబ్బెట్టుగా ఉంది అతుకు. నేను అక్కడే గడప మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చాను. బయట బ్యాంకు మేడం ఉందన్న సిగ్గు కూడా లేకపోయింది.

ఆయన లేచొచ్చి నా పక్కన కూర్చున్నారు. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, పై బాణం మీట నొక్కుతూ వెనక్కి వెనక్కి వెళ్ళారు. ఆయన కత్తిరింపుల వాక్యాలన్నీ దాటిపోయాక, ఒక్కొక్కటే నావి రావడం మొదలైంది. ప్లే నన్ను ఒక్కసారి పిలవండి. ప్లే ఏమేవ్. ప్లే మా ఆవిడ. ప్లే పిలుపు. నేను గబుక్కున తెర మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"ఛీ, ఇదంతా దాచిపెట్టిందా ఇది! చాడీలకోరు మిషను!"

ఆయన నా చెయ్యి పక్కకు తీసి, తన చేతిలో పెట్టుకున్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు భయం వేసింది. కుమిలిపోతారనే కదా చెప్పలేదు. ఏదో ఒకటి అనాలి, వెంటనే అనాలి.

"అది సరేగానీ, సూదీ అనేటప్పుడు ఆ వణుకేంటండీ? నన్ను పిలుస్తున్నారా, నన్ను చూసి భయపడుతున్నారా?"

ఆయన ఆలోచించి, రెండూ అన్నట్టు రెండువేళ్ళు చూపించారు. చప్పుడు లేకుండా ఒకటే నవ్వు. నేను చప్పుడుతో నవ్వాను. ముందుగదిలోంచి బ్యాంకు మేడం, "నేను కూర్చోనా, నిలబడనా? ఒంటినిండా సూదులున్నాయి" అని కేకేసింది.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. విజయగర్వంతో కాఫీ తాగి, లాప్‌టాప్ ముందు సర్దుకుని కూర్చున్నాడు. "అక్కా, మధ్యలో అతుకు తెలిసిపోతోంది. ఆ వణుకు కూడా కొంచెం తగ్గిస్తాను. ఇంకొక్క పూట కూర్చుంటే నున్నగా చేసి ఇస్తా."

"దాని జోలికి వెళ్ళావంటే, ఈసారి నీ చొక్కాకి ఒక్క చెయ్యే కుట్టి పంపిస్తా" అన్నాను.

"అతుకు చెవికి గుచ్చుకోవడంలేదా నీకు?"

"గుచ్చుకోనీ. సూదన్నాక గుచ్చుకోదా?"

వాడు బావవంక చూశాడు. బావ తలొంచుకుని టకటకా కొట్టారు. "అడ్డం తప్పుకోండి" అంది మిషను. వాడు లేచి చోటిచ్చాడు.

ఇప్పుడు మా ఇంట్లో అంతా మామూలే. తడి తువ్వాళ్ళు పడేయడం మానలేదు, నేను తిట్టడం మానలేదు. ఉప్పు మళ్ళీ ఎక్కువవుతోంది, తక్కువవుతోంది. ఇందాక కూడా నేను కాలర్ కుడుతుంటే లోపల్నుంచి పిలుపొచ్చింది.

"గుండుసూదీ!"

"ఆఁ, వస్తున్నా" అన్నాను. వెళ్ళలేదు.

బాణం మీట చప్పుడు. "గుండుసూదీ!"

"ఆఁ, వస్తున్నా."

పూర్వమైతే ఈపాటికి ఎవరికో ఒకరికి విసుగొచ్చేది. ఇప్పుడు ఆయనకు ఒక్క మీట నొక్కితే పని అయిపోతుంది, ఇంక విసుగెందుకొస్తుంది? నేనూ లేవను. లేచి వెళ్తే పిలవడం ఆపేస్తారు. కాలర్ పక్కన పెట్టి, మిషను ఆపి, చెవి అటు పెట్టి కూర్చున్నాను.